రాతినారను గూర్చి నమ్మదగిన మాట



ఏ వైద్యుని స్మృత్యర్థము ఈ ఉపన్యాసపు ధర్మనిధి నెలకొల్పబడినదో, ఆయన తన జీవితకాలమంతయు కర్మాగారముల నడుమ నున్న చిన్న వైద్యశాలలో గడపి, రోగి నాడిని పట్టుటకు ముందే "ఏ పని చేయుచున్నావు నాయనా? అంతకు ముందేమి చేసితివి?" అని అడుగుటను వ్రతముగా పాటించినవారని ఆయన నెరిగిన వారందరును చెప్పుదురు. ఆ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. 1700వ సంవత్సరమున ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని, వృత్తుల వలన గలుగు వ్యాధులను గూర్చి తాను రచించిన గ్రంథమున, రోగి నడుగుమని హిపోక్రటీసు చెప్పిన ప్రశ్నలకు ఈ ప్రశ్నను గూడ జేర్చుమని తోటి వైద్యులకు బోధించెను. ఆస్‌బెస్టాస్ అని లోకము వ్యవహరించుచున్న రాతినారను గూర్చి నేడు ప్రసంగింప దలచితిని. దాని వలని అపాయమును గూర్చి మానవజాతికి దక్కిన నమ్మదగిన జ్ఞానమంతయు ఆ ప్రశ్ననుండియే పుట్టినదనియు, ఆ ప్రశ్న అడుగని చోటనెల్ల అసత్యము సత్యపు వేషము ధరించి తిరుగుచున్నదనియు నా దృఢవిశ్వాసము.

రాతినార యనునది ఏకఖనిజము కాదు. ఆరు ఖనిజముల సముదాయము. అందు తెల్లని క్రిసొటైలు, కపిలవర్ణపు అమొసైటు, నీలివన్నె క్రొసిడొలైటు అనునవి వాణిజ్యమున మిక్కిలి వాడుక కెక్కినవి. రాయియై భూగర్భమున పుట్టియు నారవలె పోగులు పోగులుగా విడివడుట, నిప్పున గాలకుండుట, వేడిని విద్యుత్తును ఆపుట, లాగినను తెగకుండుట అను గుణములు ఒక్కచోట గూడిన పదార్థము మరియొకటి అంత చౌకగా దొరకకుండుటచే, ఇది బాయిలర్ల చుట్టు పూతలలోను, ఆవిరిగొట్టముల గాస్కెట్లలోను, లారీల బ్రేకు లైనర్లలోను, ఓడల గోడలలోను, అన్నిటికంటె నధికముగా సిమెంటుతో గలిపి పోసిన రేకులలోను ప్రవేశించినది. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున, బ్రాహ్మణపల్లె మొదలగు చోట్ల, వేంపల్లె శిలాస్తరములలోనికి అగ్నిశిలలు చొచ్చుకొని వచ్చిన సంధులలో క్రిసొటైలు ఏర్పడియుండగా దానిని గనులు త్రవ్వి వెలికిదీసిరి. హైదరాబాదున 1946లో రాతినార సిమెంటు వస్తువుల సంస్థ స్థాపితమై, 'చార్మినార్' అను పేరిట దాని రేకులు దేశమంతట వ్యాపించినవి. కోళ్లఫారము మొదలు బడి వరండా వరకు, బియ్యపు మిల్లు మొదలు పేదవాని రెండుగదుల ఇంటి వరకు, ఆ రేకు క్రింద తలదాచుకొనని తెలుగు కుటుంబము అరుదు. కావున ఇది మనకు పరాయి విషయము కాదు.

ఈ పోగు దేహమునకు జేయు హాని దాని రూపమునందే యున్నది. పోగు నిలువున చీలి, చీలినకొలది సన్నమై, కంటికి కనబడని తంతువై గాలిలో గంటలకొలది తేలియాడును. ఊపిరితో లోని కేగి శ్వాసనాళముల కడపటి గాలితిత్తులను జేరును. అచ్చట దేహరక్షణకై నియుక్తములైన కణములు దానిని మ్రింగబోయి, తమకంటె పొడవైన దానిని మ్రింగలేక నశించును. ఆ నాశనము చుట్టు మచ్చకట్టి ఊపిరితిత్తి క్రమముగా గట్టిపడును. ఆ వ్యాధికి ఆస్‌బెస్టోసిసు అని పేరు. ఊపిరితిత్తుల క్యాన్సరు, స్వరపేటిక క్యాన్సరు, స్త్రీలకు అండాశయపు క్యాన్సరు, ఊపిరితిత్తులను కడుపును కప్పియుండు పల్చని పొరకు వచ్చు మెసొథీలియోమా యను క్రూరమైన క్యాన్సరు, ఇవన్నియు దీని వలన గలుగునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో వెలువరించిన నూరవ సంపుటపు 'సి' భాగమున నిర్ణయించి, తెలుపు నీలి భేదము లేక రాతినార జాతు లన్నియు మనుష్యులకు క్యాన్సరు కారకములే యని తేల్చినది. అయితే పోగు లోపలికి పోయిన నాటికిని వ్యాధి బయటపడిన నాటికిని నడుమ ఇరువది మొదలు నలువది సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు గడచును. ఈ దీర్ఘమైన ఎడమునే అసత్యము తన నివాసముగా జేసికొన్నది. ఇరువదియేండ్ల ప్రాయమున షెడ్డు కప్పిన పనివాడు అరువదియేండ్ల ప్రాయమున ఆయాసపడునప్పుడు, ఆ షెడ్డును తలచు వారెవరు?

ఈ జ్ఞానము ఎట్లు లభించినదో కొంచెము నిదానముగా చెప్పుట నాకు ధర్మముగా దోచుచున్నది. ఇంగ్లండున రాచ్‌డేలు పట్టణపు రాతినార మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా యను స్త్రీ 1924లో ముప్పదిమూడవయేట మరణించెను. విలియం కుక్ అను వైద్యుడు ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు రాతినార కణములను గనుగొని, ఆ సంవత్సరమే బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించెను. ఆమె మరణమునకు సంస్థ పరిహార మీయలేదు. అంత్యక్రియల ఖర్చునైన భరింపలేదు. అటుపిమ్మట ఆ దేశపు ప్రభుత్వ వైద్యపరీక్షకుడు మెరివెదరు 363 మంది కార్మికులను పరీక్షించి, 95 మందికి ఊపిరితిత్తులు మచ్చకట్టియుండుట గనుగొని, 1930లో నివేదిక సమర్పించెను. 1931లో ధూళిని అదుపుచేయు నియమములు వెలసినవి. అనగా నేటికి తొంబది యేండ్లకు పైగా, ఈ దుమ్ము మనుష్యుని చంపునను విషయము ప్రభుత్వ పత్రములలో అచ్చై యున్నది. ఈ విషయమును గూర్చి 'ఇంకను నిర్ధారణ కాలేదు' అను వారి మాట విన్నప్పుడు నాకు కలుగు దుఃఖము చెప్పనలవి కాదు.

తెలిసినది మరుగైన విధమును గూడ వినుడు. అమెరికాలో రాతినార పరిశ్రమకు సంబంధించిన పత్రికయొకటి 1935లో ఈ వ్యాధిని గూర్చి వ్యాసము వేసికొనవచ్చునా యని పెద్ద సంస్థల నడిగినప్పుడు, రేబెస్టాస్-మన్‌హాటన్ సంస్థ అధ్యక్షుడు సమ్నరు సింప్సను, జాన్స్-మాన్‌విల్ సంస్థ న్యాయవాదికి వ్రాసిన లేఖలో, ఈ విషయమును గూర్చి ఎంత తక్కువ మాట్లాడిన అంత మేలను భావమును వెలిబుచ్చెను. ఆ లేఖలు నలువది యేండ్లకు పైగా మరుగుననుండి, 1970ల కడపట న్యాయస్థానముల విచారణలలో బయటపడినవి. సారనాకు అను పరిశోధనశాలకు కొన్ని సంస్థలు 1936లో ధనమిచ్చి, ఫలితములు తమ సొత్తనియు తమ యనుమతి లేక ప్రకటింపరాదనియు నియమము చేసికొన్నవి. ఎలుకలయందు కనబడిన క్యాన్సరు ప్రసక్తి, ముఖ్యపరిశోధకుని మరణానంతరము ప్రకటితమైన నివేదికనుండి తొలగింపబడినది. ఇంగ్లండున 1955లో రిచర్డు డాల్ అను వైద్యుడు, రాతినార కర్మాగారమొకదానియందు ఇరువదియేండ్లకు తక్కువ గాకుండ పనిచేసిన 113 మంది పురుషులలో ఊపిరితిత్తుల క్యాన్సరు సామాన్యజనులకంటె సుమారు పదిరెట్లు హెచ్చని లెక్కగట్టినప్పుడు, ఆ వ్యాసమును ఆపుటకు ఆ కర్మాగారపు యాజమాన్యము ప్రయత్నించినది. డాల్ వినలేదు, పత్రికా సంపాదకుడును వినలేదు. వ్యాసము అచ్చైనది. ఆ ఇద్దరి దార్ఢ్యమునకు ఈ సభ నమస్కరింపవలెనని నా విన్నపము.

దక్షిణాఫ్రికా కథ మన వైద్యులు మరిమరి తలపవలసినది. కింబర్లీలోని క్షయవ్యాధి వైద్యశాలలో స్లెగ్స్ అను వైద్యుడు, ఎందరెందరో క్షయ మందులకు కోలుకొనుచుండగా, ఊపిరితిత్తులను కప్పు పొరలో నీరు పట్టిన కొందరు మాత్రము కోలుకొనకుండుట గమనించి, వారందరును పట్టణమునకు పడమటి దిక్కుననున్న కొండసీమలనుండియే వచ్చుచున్నారని గుర్తించెను. అవి నీలి రాతినార గనుల సీమలు. వాగ్నరు, స్లెగ్స్, మార్చండ్ అను మువ్వురు 1960లో 33 మంది మెసొథీలియోమా రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. వారిలో గనిలో దిగినవారే కాక, గనుల చెంత నివసించినవారును, బాల్యమున నార పొట్టు దిబ్బలపై ఆడుకొన్నవారును గలరు. అయిదేండ్లకు లండను నగరమున న్యూహౌస్, థాంప్సన్ అను విదుషీమణులు, భర్తల పనిదుస్తులను ఇంట నుదికిన ఇల్లాండ్రకు గూడ ఈ వ్యాధి వచ్చినదని నిరూపించిరి. న్యూయార్కున ఇర్వింగు సెలికాఫ్ అను వైద్యుడు, సంస్థల పుస్తకములు తనకు లభింపకపోగా, కార్మికసంఘపు సభ్యత్వ పట్టికలను దీసికొని, 632 మంది పేర్లను వరుసగా పట్టుకొని, ఎవరు బ్రదికిరి, ఎవరు ఏ రోగమున గతించిరి అని ఇరువదియేండ్ల చరిత్రను వెదకి, ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు రావలసిన దానికంటె ఆరేడు రెట్లున్నవని 1964లో లోకమునకు చాటెను.

ఈ వృత్తాంతములను ఇంత వివరముగా చెప్పుటకు కారణమున్నది. నమ్మదగిన సమాచారము ఏదియని నన్ను యువకులు తరచుగా అడుగుదురు. కాగితము మీది ముద్రను జూచి, పదవిని జూచి, అంకెల గాంభీర్యమును జూచి నమ్మరాదు. ఈ అధ్యయనమునకు ధనమెవరిచ్చిరి, ఫలితము ప్రతికూలమైనను ప్రకటించు స్వాతంత్ర్యము పరిశోధకునకు గలదా అని మొదట అడుగవలెను. అంతకంటె లోతైన ప్రశ్న మరియొకటి కలదు: ఆ కార్మికులను ఎన్నియేండ్లు వెంబడించిరి? పదియేండ్లు పరిశీలించితిమి, ఒక్కనికిని క్యాన్సరు రాలేదు అని చెప్పు నివేదిక, ముప్పదియేండ్లకు గాని కనబడని వ్యాధిని గూర్చి ఏమియు చెప్పనట్లే. అట్లే నేడు పనిలోనున్న వారిని మాత్రమే వరుసగా నిలిపి ఎక్స్‌రే తీసి, అందరును ఆరోగ్యవంతులే అనుట, రోగులై పని మానుకొని ఊరికి పోయినవారిని, చనిపోయినవారిని లెక్కనుండి కొట్టివేయుటయే. ఈ రెండు లోపములు నేను చదివిన 'నిరపాయ' నివేదికలలో పదేపదే కనబడినవి.

సగము సత్యము పూర్తి అసత్యముకంటె ప్రమాదకరము. క్రిసొటైలు ఊపిరితిత్తులలో నీలిరాతినారంత కాలము నిలువదు, మెసొథీలియోమా విషయమున దానికంటె మిక్కిలి తక్కువ బలము గలది అను మాట నిజము. ప్రామాణికులైన శాస్త్రజ్ఞులే దానిని ఒప్పుకొనిరి. కాని ఆ నిజమును గైకొని 'కనుక తెల్లది క్షేమము' అని ముగించుట శాస్త్రము కాదు. తక్కువ విషము విషము కాకపోదు. పైగా నేడు లోకమున క్రొత్తగా అమ్ముడగుచున్నది దాదాపు అంతయు తెల్లదే. 'నియంత్రిత వినియోగము' అను మాటయు నట్టిదే. కొన్ని దేశములలో చిరకాలము మిల్లీలీటరు గాలికి ఒక పోగు అను పరిమితి నడచినది. వినుటకు స్వల్పముగా దోచును. ఎనిమిదిగంటల పనిలో కార్మికుడు పీల్చు గాలి సుమారు పది ఘనమీటర్లు, అనగా కోటి మిల్లీలీటర్లు. పరిమితిని తుచ తప్పక పాటించిన కర్మాగారములోను ఒక్క దినమున కోటి పోగులు వాని లోనికి పోవచ్చును. అవియును అయిదు మైక్రానులకంటె పొడవై, సామాన్య సూక్ష్మదర్శినికి కనబడినవి మాత్రమే. అంతకంటె సన్ననివి లెక్కకే రావు. అమెరికా 1994లో తన పరిమితిని మిల్లీలీటరునకు ఒక పోగులో పదవవంతునకు దించినది. ఇంతకన్న తక్కువైన హాని లేదని చెప్పదగిన హద్దు ఏదియు కనుగొనబడలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అట్లుండ, కర్మాగారములో గుడ్డసంచులతో గాలి వడకట్టిరే యనుకొందము. ఆ రేకు లారీ యెక్కి మన ఊరికి వచ్చి, మేస్త్రి దానిని రంపముతో కోయునప్పుడు, బోల్టుకై డ్రిల్లుతో చిల్లు వేయునప్పుడు, నియంత్రించు వారెవరు?

రాటర్‌డాము ఒడంబడిక యను అంతర్జాతీయ ఒప్పందము, అపాయకరమైన పదార్థమును ఎగుమతి చేయు దేశము దానిని కొను దేశమునకు ముందుగా తెలియజేసి సమ్మతి పొందవలెనని మాత్రమే విధించునది. నిషేధము దాని యుద్దేశము కాదు. తెల్ల రాతినారను ఆ పట్టికలో చేర్చుడని శాస్త్రజ్ఞుల సమితి సిఫారసు చేసియుండగా, 2006 మొదలు పలుమారులు కొన్ని దేశములు అడ్డుపడినవి. అందు మన దేశమును గలదు. 2011లో మన ప్రతినిధులు చేర్చుటకు సమ్మతించి సభికుల ప్రశంసలందుకొనిరి. 2013 నాటికి మరల వ్యతిరేకించిరి. బ్రిటను 1999లో, ఆస్ట్రేలియా 2003 అంతమున, తన గనులతో లోకమును నింపిన కెనడా 2018లో రాతినారను నిషేధించినవి. మనమో ఏటేట మూడు లక్షల టన్నులకు మించి దిగుమతి చేసికొనుచున్నాము. తెలియజేయుటకే అంగీకరింపని చోట, తెలిసికొనవలెనను సామాన్యుడు ఎవరి వాకిట నిలువవలెను?

మన దేశమున ఈ వ్యాధి లేదని చెప్పువారు కలరు. లెక్క వ్రాయని చోట లెక్క సున్నయే వచ్చును. ఆయాసముతో, పొడిదగ్గుతో, పక్కనొప్పితో వచ్చిన కూలివానికి క్షయ యని మందు లిచ్చి పంపుట మన వైద్యశాలలలో ఎంత సులభమో మీరెరుగనిది కాదు. స్లెగ్స్ వంటి వైద్యుడు లేకున్న కింబర్లీలోను అది క్షయగానే ఉండిపోయెడిది. ఆస్‌బెస్టోసిసు మన కార్మిక చట్టములలో తెలియజేయవలసిన వ్యాధిగా పేర్కొనబడియేయున్నది. కాని నేడొక కాంట్రాక్టరు క్రింద, రేపొక కాంట్రాక్టరు క్రింద పనిచేయువానికి ఏ పుస్తకములోను పేరుండదు. పేరు లేనివానికి రోగము ఎవరు వ్రాయుదురు?

అయినను మన దేశపు సర్వోన్నత న్యాయస్థానము ఈ విషయమున మహత్తరమైన తీర్పొకటి యిచ్చినది. వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రము వేసిన వ్యాజ్యమున 1995 జనవరిలో వెలువడిన ఆ తీర్పును వ్రాసినవారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి ఢిల్లీకి వెళ్లిన న్యాయమూర్తి కె. రామస్వామి. కార్మికుని ఆరోగ్యము రాజ్యాంగపు 21వ అధికరణము చెప్పు జీవించు హక్కులోనిదే యనియు, రాతినార కార్మికుని ఆరోగ్యపు రికార్డును పనిలో చేరిన నాటినుండి నలువదియేండ్లు గాని, పని విడిచిన పిదప పదునైదేండ్లు గాని, ఏది తరువాతిదైన అంతవరకు భద్రపరుపవలెననియు, రోగమున్నట్లు నిర్ధారణమైన వానికి లక్ష రూపాయలు చెల్లింపవలెననియు అందు ఆదేశింపబడినది. నలువదియేండ్లన్న ఆ మాటలో శాస్త్రమున్నది. వ్యాధి వచ్చువరకు కాగితము బ్రదికియుండవలెనను వివేకమున్నది. ఆ రికార్డును చూపుమని అడుగు హక్కు కార్మికునకు కలదని మన ఊళ్లలో ఎందరికి తెలియును?

గృహస్థులకు కొన్ని మాటలు. మీ తలపై రేకు విరుగక, పొడిరాలక యున్నంతవరకు దాని క్రింద నిద్రించుటచే వెంటనే ముప్పు రాదు. నిష్కారణముగా భయపడి దానిని సుత్తితో బ్రద్దలు కొట్టించుటయే ముప్పు. దానిని కోయరాదు, రుద్దరాదు, తీగబ్రష్షుతో నాచు గీకరాదు, పొడిచీపురుతో ఊడ్వరాదు. తీయవలసివచ్చిన నీటితో తడిపి, బోల్టులు విప్పి, రేకును విరుగకుండ దింపి, మందమైన ప్లాస్టిక్కున చుట్టవలెను. పాతరేకు మీద కాలు మోపరాదు. విరిగి పడి మరణించినవారు గలరు. ముఖమునకు తువాలు చుట్టుకొనుట వలన ఈ పోగు ఆగదు. మెకానిక్కులు బ్రేకు డ్రమ్ములోని దుమ్మును గాలి గొట్టముతో ఊదుట మానవలెను. దుమ్ముబట్టలతో ఇంటికి వచ్చి బిడ్డల నెత్తుకొనరాదు. వస్తువులో రాతినార యున్నదా లేదా యని కంటితో చెప్పగలనను వానిని నమ్మకుడు. దానిని తేల్చునది సూక్ష్మదర్శిని గల ప్రయోగశాల. రేకు కొనునపుడు రాతినార లేని దానిని అడిగి కొనుడు, నేడవి దొరకుచున్నవి. భారత ప్రమాణముల సంస్థ ఈ వస్తువుల వినియోగమునకు నియమావళిని అచ్చువేసియున్నది; అహమ్మదాబాదులోని జాతీయ వృత్త్యారోగ్య సంస్థ ఈ రోగనిర్ణయమునందు ప్రామాణికము. ఇక పూర్వము ఈ దుమ్ములో పనిచేసినవారు తక్షణమే చేయదగిన మేలొకటి కలదు: పొగ మానుట. సెలికాఫ్ బృందము 1979లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఊపిరితిత్తుల క్యాన్సరు మరణము రాతినార వలన సుమారు అయిదురెట్లు, పొగాకు వలన పదునొకండు రెట్లు, రెండును గూడిన ఏబదిరెట్లకు పైగా పెరుగును.

పులివెందుల గనుల ప్రసంగము మరల దెచ్చెదను. రాతినారకు కొత్త గనిలీజులు ఇయ్యరాదని కేంద్రప్రభుత్వము 1986లోను, పాత లీజులను పునరుద్ధరింపరాదని 1993లోను నిశ్చయించినది. ఆనాడు ఇరువది ముప్పది యేండ్ల ప్రాయమున రాయి కొట్టి నార ఏరిన స్త్రీపురుషులు నేడు వ్యాధి బయటపడు వయస్సున నున్నారు. వారి పేర్లు మస్టరు పుస్తకములలో, వేతనపు చిట్టాలలో, భవిష్యనిధి పట్టికలలో ఎక్కడనో యుండి తీరవలెను. న్యూయార్కున ఒక సంఘపు పట్టికతో 632 మంది చరిత్ర తేలినప్పుడు, వేంపల్లె, లింగాల, పులివెందుల ఊళ్లలో ఇంటింటికి పోయి ఈ పేర్లను సేకరింపలేకపోవుటకు కారణము కనబడదు. కడపలోని వైద్యవిద్యార్థులు ఇందుకు పూనుకొందురేని, ఈ ధర్మనిధి నిర్వాహకులు వచ్చే యేటి వడ్డీ సొమ్మును ఉపన్యాసమునకు గాక ఆ పనికి వినియోగించుటకు సమ్మతింపవలసినదిగా ఈ వేదికనుండియే ప్రార్థించుచున్నాను.